చెన్నై హార్బర్‌లో తెరచాప ఓడలు చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి?

ప్రశ్న: "పెరంబూరులో ఉంటాం. సంక్రాంతికి కాకినాడ నుంచి నాన్నగారు వస్తున్నారు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాడికి తెరచాప ఓడలంటే ప్రాణం. చెన్నై హార్బర్‌లో పాతకాలపు తెరచాప ఓడలు చూడొచ్చా? డిసెంబరు మంచిదా, జనవరి మంచిదా? లోపలికి వెళ్తే ఏం చూడాలి?"

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. చెన్నై హార్బర్‌లో ఏడాది పొడవునా కట్టి ఉంచిన పాత తెరచాప ఓడ ఏదీ లేదు. ఎప్పుడంటే అప్పుడు టికెట్టు కొనుక్కుని వెళ్లి చూసే ఏర్పాటు కూడా లేదు. ఇక్కడికి తెరచాప ఓడలు ఎప్పుడో ఒకసారి వస్తాయి, కొద్ది రోజులుండి వెళ్లిపోతాయి. ఉన్న రోజుల్లో జనాన్ని ఎక్కనిస్తే మాత్రం ఆ అవకాశం వదులుకోవద్దు. ఏ ఓడా రాని సంక్రాంతి అయితే నిరాశపడక్కర్లేదు, తెరచాప ఓడల కాలం ఎలా ఉండేదో మీవాడికి చూపించగలిగిన చోట్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. డిసెంబరా, జనవరా అంటే ఆలోచించకుండా జనవరి అంటాను.

నేను హార్బర్‌లో క్రేన్లు, డెర్రిక్కుల (ఓడల మీద సరుకు ఎత్తే పొడవాటి చేతుల) తాళ్లు, కప్పీలు పరీక్షించే పని చేసి రిటైరయ్యాను. ఏ ఓడ ఎక్కినా నా కళ్లు ముందు తాళ్ల మీదికే పోతాయి. అందుకే ఈ జవాబులో తాళ్ల గురించి కాస్త ఎక్కువే ఉంటుంది. రేవులో కట్టిన తెరచాప ఓడలో అసలు చూడాల్సినవీ అవే అని నా గట్టి నమ్మకం.

ముందు నెల సంగతి. ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని అక్టోబరు మధ్య నుంచి పట్టుకుంటాయి. నవంబరంతా, డిసెంబరు సగం దాకా ఎప్పుడు వాయుగుండం పడుతుందో చెప్పలేం. 2016లో వర్దా తుఫాను వచ్చింది డిసెంబరు 12న. 2023లో మిచాంగ్ డిసెంబరు మొదటి వారంలోనే చెన్నైని ముంచేసి బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫాను దగ్గరపడుతోందంటే రేవులో ఉన్న ఓడల్ని లోపల ఉంచరు, బయటికి నడిసముద్రంలోకి పంపించేస్తారు. అలలు లోపలికి వచ్చినప్పుడు కట్టేసి ఉన్న ఓడ గట్టుకు కొట్టుకుంటూనే ఉంటుంది, దానికంటే లోతు నీళ్లలో గాలికి ఎదురు తిరిగి నిలబడటమే దానికి క్షేమం. కాబట్టి డిసెంబరు మొదట్లో ఫలానా తేదీన ఓడ ఎక్కనిస్తామని ప్రకటించినా వాన వస్తే అది రద్దు కావచ్చు. సంక్రాంతి నాటికి గాలి నెమ్మదిస్తుంది, ఆకాశం తేటపడుతుంది, డెక్కు మీద ఎండ కూడా భరించేలా ఉంటుంది.

ఇది ఇవాళ్టి మాట కాదు. తెరచాపల కాలంలో మద్రాసుకు వచ్చే ఓడలన్నీ ఈ లెక్కే పాటించేవి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఈ తీరంలో లంగరు వేసి ఉండటానికి ఏ కెప్టెనూ ఇష్టపడేవాడు కాదు. దానికి కారణం ఉంది. 1746లో ఫ్రెంచి నౌకాదళాధిపతి లా బూర్దొనే మద్రాసును పట్టుకుని, అక్టోబరు నెల నడిచే దాకా ఓడల్ని సెయింట్ జార్జి కోట ముందే ఉంచాడు. అక్టోబరు 13 రాత్రి తుఫాను విరుచుకుపడింది. కొన్ని ఓడలు మనుషులతో సహా మునిగిపోయాయి, మిగిలినవి తెరచాపలు కట్టే స్తంభాలు విరిగి ఎటో కొట్టుకుపోయాయి. ఊరిని గెలిచిన నౌకాదళం ఒక్క రాత్రిలో చితికిపోయింది. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి అదే ఈశాన్య గాలి తగ్గి నిలకడగా వీస్తుంది. ఇంగ్లండు వెళ్లే ఓడలు ఆ గాలి పట్టుకునే హిందూ మహాసముద్రం మీదుగా, ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి వెళ్లే కేప్ దారి పట్టేవి. మీరు వెళ్తామంటున్న నెల అప్పటి ఓడలకూ మంచి నెలే.

ఇక్కడ ఒక విషయం మీవాడికి ముందే చెప్పండి, లేకపోతే మనసులో తప్పు బొమ్మ పడుతుంది. బ్రిటిష్ కాలపు మద్రాసు అనగానే గట్టుకు ఆనించి వరసగా కట్టిన తెరచాప ఓడలు ఉండేవనుకుంటాం. ఉండేవి కావు. మద్రాసుకు సహజమైన రేవు లేదు, నదీముఖంలో లోతు లేదు, ఒడ్డున విరిగే అలలు ఆగవు. ఓడలు దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసేవి. మనుషుల్నీ, సరుకుల్నీ, గుర్రాల్నీ కూడా మాసులా పడవల్లో ఒడ్డుకు చేర్చేవాళ్లు. ఆ పడవకు మేకులుండవు, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన గట్టి పడవ అలల దెబ్బకు ఇసుక మీద పడితే పగులుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి, మెలితిరిగి, దెబ్బను మింగేస్తుంది. విదేశాల నుంచి వచ్చిన పెద్ద పెద్ద ఓడల సరుకంతా మన బెస్తవాళ్లు కుట్టిన పడవల మీదే ఊళ్లోకి వచ్చింది. ఆ పడవవాళ్లు రాకపోతే కోటకు ఏదీ అందేది కాదు.

1861లో ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి ఒక పొడవాటి వంతెనలాంటి పియర్ కట్టారు. అసలు హార్బరుకు 1875 డిసెంబరులో, అప్పటి వేల్స్ యువరాజు వచ్చినప్పుడు శంకుస్థాపన జరిగింది. రాతి గోడలు దాదాపు పూర్తవుతుండగా 1881 నవంబరు తుఫాను వాటిని చీల్చేసింది. మళ్లీ కట్టారు. తూర్పు వైపు పెట్టిన ముఖద్వారంలో అలలు, ఇసుక ఇబ్బంది పెడుతుంటే, 1904లో బాధ్యత తీసుకున్న సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దాన్ని మూయించి ఈశాన్యం వైపు కొత్తది పెట్టించాడు. ఇవాళ మనం చూసే హార్బరుకు ఆయన హయాంలోనే రూపం వచ్చింది. అప్పటికి సూయజ్ కాలువ తెరిచి మూడు దశాబ్దాలు దాటింది, సముద్రం మీద ఆవిరి ఓడలదే రాజ్యం. అంటే మద్రాసులో ఓడ కట్టుకోవడానికి మంచి డాకు తయారయ్యేనాటికి తెరచాపల కాలం ముగింపుకొచ్చేసింది. హార్బరు గోడకు దక్షిణాన ఇసుక చేరి మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఒడ్డును తినేసింది. రాయపురంలో పుట్టి పెరిగినవాళ్లను అడగండి, ఎన్ని వీధులు పోయాయో చెబుతారు.

సరే, ఇప్పుడు వచ్చే ఓడల సంగతికొద్దాం.

ఎక్కువ అవకాశమున్నవి మన నౌకాదళం శిక్షణ ఓడలు రెండు: ఐఎన్ఎస్ తరంగిణి, ఐఎన్ఎస్ సుదర్శిని. రెండూ గోవా షిప్‌యార్డులో కట్టినవే, అక్కచెల్లెళ్లు. తరంగిణి 1997 నవంబరులో నౌకాదళంలో చేరింది, సుదర్శిని 2012 జనవరి 27న. రెంటి పొడవూ 54 మీటర్లు, మూడేసి స్తంభాలు, ఇరవయ్యేసి తెరచాపలు. 2003 జనవరిలో కొచ్చి నుంచి బయలుదేరిన తరంగిణి 2004లో భూమి చుట్టి వచ్చింది, మన నౌకాదళంలో ఆ పని చేసిన మొదటి ఓడ అదే. ఇవి పాత ఓడలు కావు, పాత పద్ధతిలో నడిచే కొత్త ఓడలు. ఇంజను కూడా ఉంటుంది. కానీ సముద్రంలో ఆ కుర్రాళ్లు చేసే పని నూట యాభై ఏళ్ల కిందటి కళాసీలు చేసిన పనే. వీటి సొంత రేవు కొచ్చి. చెన్నై వైపు వచ్చేది ప్రయాణంలో భాగంగానే.

ఇంకొకటి విదేశీ ఓడలు. ఇవి చాలా అరుదు. స్వీడన్ ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి 1745లో చైనా నుంచి తిరిగొస్తూ సొంతూరి రేవు ముంగిట రాతికి తగిలి మునిగిపోయింది. దాని పేరు యోతెబొరీ. స్వీడన్‌వాళ్లు అదే పేరుతో, అదే పద్ధతిలో మళ్లీ ఒక ఓడ కట్టి 2005లో చైనాకు పంపారు. అది తిరుగు ప్రయాణంలో 2007 మొదట్లో మన చెన్నైలో ఆగింది. జనపనార తాళ్లు, వాటికి పట్టించిన పైన్ చెట్టు తారు, నార తెరచాపలు. దగ్గరికి వెళ్లగానే తారు వాసన తగిలేది. ఉక్కు తాళ్ల మధ్య బతికిన నాకు ఆ ఓడ ఒక పాఠశాలలాగా అనిపించింది. ఇటలీ శిక్షణ ఓడ అమెరిగో వెస్పూచీ, 1931 నాటిది, 2024 నవంబరు చివర్లో ముంబయి వచ్చి కొద్ది రోజులుంది. ఇలాంటివి మన దేశానికి వచ్చేది సాధారణంగా చలికాలంలోనే, ఎందుకో పైన చెప్పాను.

వచ్చేది ఎలా తెలుస్తుంది? నౌకాదళం సోషల్ మీడియా ఖాతాలు, కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం ప్రకటనలు, ఊరి ఇంగ్లీషు, తమిళ దినపత్రికల్లో స్థానిక పేజీ. విదేశీ ఓడయితే ఆ దేశం కాన్సులేట్ ప్రకటన కూడా చూడండి. డిసెంబరు 4 నేవీ డే, 1971లో కరాచీ మీద జరిపిన దాడి గుర్తుగా చేస్తారు. ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఏ నౌకను జనానికి తెరిచారో వార్తలొస్తాయి. హార్బరు భద్రత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతిలో ఉంటుంది, గేటు దగ్గర బతిమాలితే పని జరగదు. ప్రకటనలో ఏ గేటు అని ఉంటే ఆ గేటుకే వెళ్లాలి. ఒరిజినల్ ఆధార్ అందరికీ, పిల్లవాడికి స్కూలు ఐడీ కూడా పెట్టుకోండి. పెద్ద బ్యాగులు వద్దు. ఫొటోలు తీయొచ్చా అని ముందు అడగండి, ఓడ మీద ఒప్పుకున్నా పక్కన ఉన్న యుద్ధనౌకల వైపు, హార్బరు సామగ్రి వైపు ఫోను తిప్పొద్దు. బీచ్ స్టేషన్‌లో దిగితే రాజాజీ సాలై పక్కనే. చెప్పులు జారనివి వేసుకోండి, హీల్స్ ససేమిరా వద్దు, చెక్క డెక్కు పాడవుతుందని ఎక్కనివ్వరు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే గాంగ్వే (గట్టు నుంచి ఓడలోకి వేసే నడక వంతెన) ఎక్కే ముందు దాని వాలు చూసుకోండి. మన దగ్గర ఆటుపోట్ల తేడా సుమారు మీటరే కాబట్టి లండన్ రేవుల్లోలా గంట గంటకూ వాలు మారిపోదు. అక్కడ నీళ్లు అన్నేసి మీటర్లు లేచి పడతాయి కాబట్టే డాకులకు తలుపులు పెట్టుకున్నారు, మనకు ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. రేవులో తెరచాపలు విప్పి ఉండవు. చాలామంది ఇక్కడే ఉసూరుమంటారు. క్యాలెండరు బొమ్మలో తెల్లగా పొంగిన తెరచాపలు చూసి వస్తారు, ఇక్కడేమో కర్రలూ తాళ్లూ తప్ప ఏమీ లేదంటారు. గాలి పట్టిన తెరచాప ఓడను లాగుతుంది, కట్టి ఉన్న ఓడను లాగితే కట్టుతాళ్లు తెగుతాయి. అందుకే తెరచాపల్ని బిగించి చుట్టి, స్తంభానికి అడ్డంగా ఉండే అడ్డకొయ్యలకు కట్టేస్తారు. మంచు పడ్డ రాత్రి తర్వాత, గాలి లేని పొద్దుటి పూట ఒక్కోసారి ఆరడానికి వదులుగా వేలాడదీస్తారు. నాలుగు తెరచాపలు అలా వేలాడుతూ కనిపిస్తే ఆ రోజు మీకు కలిసొచ్చిందన్నమాట.

గాంగ్వే దగ్గరికి పరిగెత్తకండి. ముందు గట్టు మీదే, ఓడ మొత్తం కంటికి ఆనేంత దూరంలో నిలబడండి. స్తంభాలు లెక్కపెట్టమనండి మీవాణ్ని. తర్వాత ఏ స్తంభానికి అడ్డకొయ్యలున్నాయి, దేనికి లేవు అని చూడమనండి. తరంగిణిలో ముందున్న రెండు స్తంభాలకు అడ్డకొయ్యలుంటాయి, వెనకదానికి ఉండవు. దాని తెరచాప ఓడకు అడ్డంగా కాకుండా పొడవు దిశలో పరుచుకుంటుంది. ఈ అమరికను బార్క్ అంటారు. వెనక నుంచి వీచే గాలిని అడ్డ తెరచాపలు బాగా పడతాయి, వెనక స్తంభం మీది పొడవు తెరచాప ఓడను తిప్పడానికి సాయపడుతుంది, దాన్ని నడపడానికి మనుషులు కూడా తక్కువ చాలు. అన్ని స్తంభాలకూ అడ్డకొయ్యలుంటే అది వేరే రకం, ఏ స్తంభానికీ లేకపోతే మరో రకం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఇక ఏ ఓడ బొమ్మ చూసినా వాడు చెప్పేస్తాడు.

ఇక ఎక్కండి. తాళ్లు రెండు జాతులు. స్తంభాన్ని నిలబెట్టేవి ఒకటి, తెరచాపల్ని ఆడించేవి ఇంకొకటి. మొదటివి కదలవు. స్తంభం పక్కల నుంచి ఓడ అంచుకు విసనకర్రలా దిగుతాయి, వాటికి అడ్డంగా మెట్లు కట్టి ఉంటాయి, కుర్రాళ్లు పైకి ఎక్కేది వాటి మీదే. ఆ తాళ్లు ఓడ అంచును కలిసే చోట వంగి చూడండి. ఉక్కు తాడూ, దాన్ని బిగించే మరా ఉంటే ఇటీవలి ఓడ. మూడు కన్నాలున్న గుండ్రటి చెక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి, వాటి మధ్య సన్నతాడు అటూ ఇటూ అల్లి ఉంటే అది పాత పద్ధతి. జనపనార తాడు తడిస్తే బిగుస్తుంది, ఎండితే వదులవుతుంది. దాంతో ఆ సన్నతాడును మాటిమాటికీ సరిచేస్తుండాలి. అంత పెద్ద స్తంభం ఆ చెక్క బిళ్లల మీద నమ్మకంతోనే నిలబడేది.

రెండో జాతి తాళ్లు స్తంభం అడుగునా, ఓడ అంచు వెంబడీ వరసగా కట్టి ఉంటాయి. అక్కడ కన్నాలున్న పొడవాటి చెక్క ఉంటుంది, కన్నానికో గూటం. తాడును ఆ గూటానికి ఎనిమిది అంకెలా చుడతారు, మిగిలిన తాడును చుట్టగా చుట్టి దానికే తగిలిస్తారు. ఎందుకు ముడి వేయరు అని మీవాడు అడగాలి. బరువు మీదున్న ముడి బిగుసుకుపోతుంది, గాలి మారిన క్షణంలో విప్పడం కుదరదు. గూటం పైకి లాగితే చాలు, చుట్లన్నీ ఒక్కసారే ఊడిపోతాయి. సుదర్శినిలో తాడే ఏడున్నర కిలోమీటర్ల దాకా ఉందంటారు, ఉక్కు తాడు దానికి అదనం. ఇలాంటి మూడు స్తంభాల ఓడలో ఏ తాడు ఏ పనికో వందకు పైగా గుర్తుండాలి. చిమ్మచీకట్లో, వానలో, ఓడ ఒరిగిపోతుంటే చేత్తో తడిమి పట్టుకోవాలి. దానికే ఒక క్రమం ఉంటుంది: కింది తెరచాపల తాళ్లు ముందు గూటాలకు, పైవాటివి వెనక గూటాలకు. ఓడ మారినా ఈ వరస పెద్దగా మారదు. ఒక ఓడలో నేర్చుకున్న కళాసీ ఇంకో ఓడ ఎక్కిన మొదటి రాత్రే పని చేయగలిగేది అందుకే.

ఒక గూటం దగ్గర ఆగి చూడండి. తాడు కొస విచ్చిపోకుండా సన్నదారంతో బిగించి చుట్టారా? కప్పీలో తాడు తిరిగే చోట పేటలు నలిగాయా? తాడు కొసకు కన్ను చేసిన చోట ముడి వేశారా, అల్లారా? అల్లడమంటే తాడు కొసను మూడు పేటలుగా విప్పి, ఆ పేటల్ని అదే తాడులోకి ఒకటి విడిచి ఒకటి దూర్చడం. ముడి వేస్తే తాడు బలం మూడోవంతు నుంచి సగం దాకా పోతుంది. బాగా అల్లితే పోయేది చాలా తక్కువ. పని తెలిసిన చేయి అల్లిన కన్ను చూస్తే నాకు ఇప్పటికీ ఆ మనిషిని కలిసి మాట్లాడాలనిపిస్తుంది.

పైన ఉక్కు తాళ్ల మీద అక్కడక్కడా గుబురుగా, కుచ్చుకుచ్చులుగా ఏవో కట్టి ఉంటాయి. పిల్లలందరూ వాటి గురించే అడుగుతారు, పక్షి గూళ్లనుకుంటారు. అవి పాత తాళ్ల ముక్కలు. జానెడు జానెడు ముక్కలు కోసి, పేటలు విప్పి, రెండు సన్నతాళ్ల మధ్య దగ్గరదగ్గరగా ముడులు వేసి, ఆ మాలను ఉక్కు తాడు చుట్టూ చుడతారు. తెరచాప గుడ్డ ఆ ఉక్కుకు రాసుకోకుండా మెత్తగా అడ్డం ఉంటుంది. నా ఉద్యోగం అంతా నేర్పింది ఇదే: తాడు బరువుకు తెగడం తక్కువ, రాపిడికి తెగడం ఎక్కువ. తెరచాప అయినా అంతే. పనికిరాని తాడుతో పనికొచ్చే గుడ్డను కాపాడుకుంటున్నారు. అది చూపించి, ఇది ఎవరు చేశారని ఓడ మీది కుర్రాళ్లను అడగండి, చేసినవాడు సంబరంగా చెబుతాడు. శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్లు నౌకాదళంలో చాలామందే ఉంటారు. తెలుగువాళ్లెవరైనా ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకండి, దొరికితే నాన్నగారికి సగం ఓడ ఆయనే తిప్పి చూపిస్తాడు.

దిగేటప్పుడు కట్టుతాళ్ల మీద గుండ్రటి రేకులు గమనించండి. గట్టు మీది ఎలుకలు తాడు పట్టుకుని ఓడెక్కకుండా పెట్టినవి. ఫొటోకు మధ్యాహ్నం మూడున్నర దాటాక వెలుతురు బాగుంటుంది. మనకు సముద్రం తూర్పున ఉంది, పొద్దుట ఎండ కళ్లలో పడి ఓడ నల్లగా వస్తుంది.

ఈసారి ఏ ఓడా రాలేదనుకోండి. సెయింట్ జార్జి కోటలో పురావస్తు శాఖ మ్యూజియం చూపించండి, శుక్రవారం సెలవు. పాత మద్రాసు దృశ్యాల ముద్రణలు అక్కడ ఉన్నాయి, ఒడ్డున అలలెక్కడ, ఓడలెంత దూరం అన్నది అలాంటి బొమ్మల్లోనే తెలుస్తుంది. బయట ఆ ఎత్తైన ధ్వజస్తంభం ఇప్పుడు ఉక్కుది. పాతది టేకుది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ స్తంభమేనని చెబుతారు. ఈ కోట నేల 1639లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఈ ఊరి పేరులో ఉన్నది వాళ్ల నాన్న చెన్నప్ప నాయకుడు. ఇది మీవాడికి చెప్పాల్సిన సంగతే. అక్కడి నుంచి మెరీనా లైట్‌హౌసుకు వెళ్లండి. 1977 నాటిది, లిఫ్టుంది. పై నుంచి ఉత్తరానికి చూస్తే హార్బరు గోడ, దాని బయట లంగరు వేసి వంతు కోసం ఆగిన ఓడలు కనిపిస్తాయి. సుమారుగా ఆ నీళ్లలోనే ఒకప్పుడు తెరచాప ఓడలూ ఆగేవి. ఆ దూరం కంటితో చూశాక మాసులా పడవ కథ వాడికి పూర్తిగా అర్థమవుతుంది.

ఓపికుంటే తెల్లవారుజామున కాసిమేడు. చేపల రేవు సందడి సంగతి వదిలేయండి, అక్కడ పడవలు కట్టే, బాగుచేసే చోటు చూడండి. కర్ర పడవ పలకల సందుల్లో నార దట్టించి, మెత్తు పెట్టి, నీళ్లు రాకుండా మూసే పని దొరికితే నిలబడి చూడండి. తెరచాప ఓడలన్నీ బతికింది ఆ పని మీదే.

కుట్టు పడవల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. అజంతా గోడ మీద అయిదో శతాబ్దపు ఓడ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని ఆధారం చేసుకుని పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కౌండిన్య అనే ఓడ కట్టారు. కుట్టినవాళ్లు కేరళ పనివాళ్లు. 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. ఇంజను లేదు, చుక్కాని బదులు పెద్ద తెడ్లు, చదరపు తెరచాపలు. ఆ డిసెంబరు చివర్లో పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు బయలుదేరి జనవరిలో చేరింది. దాని వీడియోలు ముందే మీవాడికి చూపించండి. బొమ్మ తప్ప కొలతలు లేని చోట ఓడ కట్టడం మామూలు సాహసం కాదు.

నాన్నగారు కాకినాడ అన్నారు కాబట్టి ఆయన్ని కోరంగి గురించి మాట్లాడించండి. తాళ్లరేవు, కోరంగి ప్రాంతంలో మనవాళ్లు ఓడలు కట్టారు, బాగుచేశారు, రంగూన్ దాకా నడిపారు. 1839 తుఫాను ఆ రేవును దెబ్బతీసింది. ఇంకా వెనక్కి వెళ్తే శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తుఫానుకు ఓడ విరిగి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు అంతా లాగేసుకునేవారు, ఇకమీదట సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తాం అని రాయించాడు. సుంకం ముప్పైకి ఒకటి. ఈ తీరంలో ఓడ ఎంత తేలిగ్గా విరుగుతుందో, విరిగితే ఎవరి బతుకు పోతుందో తెలిసిన రాజు మాట అది.

ఇంగ్లండులో మీవాళ్లెవరైనా ఉంటే హార్టిల్‌పూల్‌లో ట్రింకోమలీ అనే ఓడ చూడమనండి. 1817లో బొంబాయిలో, ఓడలు కట్టే వాడియా కుటుంబం చేతుల్లో, మలబారు టేకుతో కట్టింది. ఇప్పటికీ నీళ్ల మీద తేలుతూనే ఉంది.

రోజుల లెక్క ఒకటి చూసుకోండి. భోగికి ముందు రోజుల్లో కోటా, లైట్‌హౌసూ పెట్టుకుంటే ప్రశాంతంగా చూడొచ్చు. లైట్‌హౌసుకు కూడా వారంలో ఒక సెలవు రోజుంటుంది, బయలుదేరే ముందు కనుక్కోండి. మన ముక్కనుమ రోజే ఇక్కడ కాణుం పొంగల్, ఊరు ఊరంతా మెరీనా మీదే ఉంటుంది, ఆ రోజు నాన్నగారిని పట్టుకుని అటువైపు వెళ్లొద్దు.